కూనూరు ఎలుకలు, తార్నాక ఎలుకలు

వరంగల్ నుంచి హైదరాబాదుకి బస్సులో వెళ్ళే మనవాళ్ళకి ఉప్పల్ వచ్చిందంటే సగం మెలకువ, హబ్సిగూడ వచ్చిందంటే బ్యాగులు దించుకునే హడావిడి. ఆ హడావిడిలో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థని, అదే మనం ఎన్.ఐ.ఎన్. అనేదాన్ని, ఎవరు పట్టించుకుంటారు చెప్పండి. ఆ సంస్థకి ఒక ఎలుకల వంశం ఉంది. 1920ల నుంచి బయటి రక్తం కలవకుండా పెంచుకొస్తున్న తెల్ల ఎలుకల వంశం. ఆ సంస్థ, ఆ ఎలుకలు కలిసి వందేళ్ళలో ఒకే ప్రశ్నకి రెండు జవాబులిచ్చాయి. రెండూ నిజమే. కానీ ఒకదానికొకటి పూర్తి వ్యతిరేకం!

ప్రశ్న అందరికీ తెలిసిందే. ఒకే తిండి తిన్న ఇద్దరిలో ఒకడు లావవుతాడు, ఇంకొకడు అవ్వడు. తేడా తిండిలో ఉందా, ఒంట్లో ఉందా?

కథ మొదలయ్యేది హైదరాబాదులో కాదు, నీలగిరి కొండల్లో. 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే ఐర్లాండ్ డాక్టరు, ఇండియన్ మెడికల్ సర్వీసు ఉద్యోగి, కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒకే ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పని మొదలుపెట్టాడు. ఆ జబ్బుకి మన తెలుగువాళ్ళతో దగ్గరి సంబంధమే ఉంది. ఉత్తర సర్కారు జిల్లాలు అప్పట్లో బెరిబెరికి పేరుమోసినవి. అక్కడివాళ్ళు ఉప్పుడు బియ్యం కాకుండా మర పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్ళు. తవుడుతో పాటు విటమిన్ బి1 కూడా పోయేది. ఆ ఒక్క గదే 1928 నాటికి న్యూట్రిషన్ రిసెర్చ్ లాబొరేటరీస్ అయింది, మెకారిసనే మొదటి డైరెక్టరు.

ఆయన చేసిన ప్రయోగాల్లో నాకు బాగా నచ్చింది ఏడు రాష్ట్రాల భోజనం. ఒకే వంశంలో పుట్టిన, ఒకే వయసు, ఒకే బరువు ఉన్న ఎలుకపిల్లల్ని తీసుకుని ఏడు గుంపులు చేశాడు. ఒక గుంపుకి సిక్కుల తిండి, ఒకదానికి పఠాన్లది, మిగతావాటికి మరాఠాలది, గూర్ఖాలది, కన్నడిగులది, బెంగాలీలది, మద్రాసీలది. మద్రాసీ అంటే మద్రాసు ప్రెసిడెన్సీ అన్నమాట, కోస్తా, రాయలసీమ అందులో భాగమే. మన వరంగల్ నైజాం ఇలాకా కాబట్టి లెక్కలోకి రాలేదు. కొన్నాళ్ళకి తూచి చూస్తే సిక్కుల తిండి తిన్న ఎలుకలు సగటున 235 గ్రాములు, మద్రాసీ తిండి తిన్నవి 155 గ్రాములు! మిగతావన్నీ ఈ రెంటి మధ్య, వరసగా మెట్లు కట్టినట్టు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, దొరగారు తన సొంత దేశపు మెనూని కూడా వదల్లేదు. తెల్ల బ్రెడ్డు, మార్జరిన్, తీపి దట్టించిన టీ, ఉడకేసిన కూరలు, డబ్బా మాంసం, చవక జాము, అంటే ఇంగ్లండు పేదల తిండి, ఇంకో గుంపుకి పెట్టాడు. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఎలుకలు తమలో బక్కవాటిని చంపి తినడం మొదలుపెట్టాయి.

ఈ ప్రయోగం విలువ తెలియాలంటే ఆ కాలం గుర్తుచేసుకోవాలి. ఫలానా జాతులే యుద్ధానికి పుట్టాయి, ఫలానావి గుమాస్తా పనికి పుట్టాయి అని సైన్యం భర్తీ లెక్కలు వేసుకునే రోజులు. పంజాబువాడు దిట్టంగా ఉండటానికి, మద్రాసువాడు బక్కగా ఉండటానికి కారణం రక్తం అని అందరూ అనుకునేవాళ్ళు. మెకారిసన్ ఎలుకలకి రక్తం ఒకటే. అయినా తేడా అచ్చం అలాగే వచ్చింది. కాబట్టి తేడా కంచంలో ఉంది అన్నాడాయన. ఒక తెల్లదొర, అదీ సర్కారు ఉద్యోగి ఆ రోజుల్లో ఈ మాట అనడం చిన్న విషయమేం కాదు.

కానీ మనం టెస్టింగ్ తెలిసినవాళ్ళం కదా, ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించాలి. ఆయన ఎలుకల మధ్య తేడా లేకుండా ముందే ఏరి పెట్టుకున్నాడు. ఒక వేరియబుల్‌ని కదలకుండా కట్టేసి రెండో దాన్ని కదిపితే, జవాబు రెండోదే అని వస్తుంది. ఆయన ప్రశ్నకి అది సరైన డిజైనే. అయితే ఆ ప్రయోగం "ఒంటి తేడా లెక్కలోకి రాదు" అని చెప్పలేదు, ఒంటి తేడాని అసలు అడగనేలేదు.

అడిగితే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ అప్పటికే ఒకటి ఉంది. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు వట్టి ధాన్యం తిండి పెట్టి గినీపిగ్గులకి స్కర్వీ తెప్పించారు. వాళ్ళ అదృష్టం, ఎలుకల్ని వాడలేదు. వాడి ఉంటే ఎన్నాళ్ళు చూసినా స్కర్వీ వచ్చేది కాదు. ఎలుక తన విటమిన్ సి తానే కాలేయంలో తయారుచేసుకుంటుంది. ఆ పనికి కావలసిన జీన్ గినీపిగ్గులో పాడైపోయింది, మనలో కూడా పాడైపోయింది. అదే కంచం, అదే ధాన్యం, ఒక జంతువుకి చిగుళ్ళ నుంచి రక్తం, ఇంకో జంతువుకి హాయిగా నిద్ర. అది రెండు జాతుల మధ్య తేడా. ఒకే జాతిలో, ఒకే కాన్పులో పుట్టిన పిల్లల మధ్య కూడా ఇలాంటి తేడా ఉంటుందా అన్నది అసలు ప్రశ్న.

దానికి జవాబు వెతుక్కుంటూ హైదరాబాదుకి రావాలి. 1958లో కూనూరు ల్యాబ్ మొత్తం హైదరాబాదుకి తరలి వచ్చింది. 1969లో స్వర్ణోత్సవాల సమయంలో దానికి ఇప్పుడున్న పేరు పెట్టారు. ఎలుకల వంశం కూడా కొనసాగింది. విస్టార్ జాతికి చెందిన ఈ వంశాన్ని డబ్ల్యూ.ఎన్.ఐ.ఎన్. అంటారు. అన్నాచెల్లెళ్ళకే జతకడుతూ ఇరవై తరాలు దాటిస్తే ఎలుకలన్నీ దాదాపు ఒకే జీన్లతో పుడతాయి. ఒకే బిల్డ్ నుంచి తీసిన కాపీల లాగా. పోషకాహారం మీద ప్రయోగం చేసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి, తేడా వచ్చిందంటే అది తిండి వల్లే.

అలాంటి కాలనీలో 1990లలో కొన్ని ఎలుకలు ఉబ్బిపోతూ కనిపించాయి. అదే గది, అదే మామూలు మేత, పక్క గూట్లో తోబుట్టువులు సన్నగానే ఉన్నాయి. ఎన్.వి. గిరిధరన్, ఆయన సహచరులు వాటిని వేరుచేసి పెంచి 1996లో ప్రపంచానికి చెప్పారు. ఇవి కొత్త మ్యూటెంట్ ఎలుకలు, స్థూలకాయానికి మోడల్‌గా పనికొస్తాయి అని. తర్వాత వీటిలోనే ఇంకో రకాన్ని కూడా వేరుచేశారు, దానికి లావుతో పాటు చక్కెరని తట్టుకునే శక్తి కూడా తక్కువ.

ఈ ఎలుకల వివరాలు చదువుతుంటే నవ్వూ జాలీ రెండూ వచ్చాయి నాకు. సుమారు ఐదు వారాల వయసుకే లావు తెలిసిపోతుంది. ఆకలి తీరదు. రక్తంలో ఇన్సులిన్ ఎక్కువ, కొవ్వు ఎక్కువ. వయసు మీదపడకుండానే కళ్ళలో శుక్లాలు. ఆయుష్షు తక్కువ. పిల్లలు పుట్టరు. మరి పిల్లలు పుట్టకపోతే వంశం ఎలా నడుస్తోంది అంటారా? అక్కడే ఉంది కిటుకు. మారిన జీన్ ఒక కాపీ మాత్రమే ఉన్న ఎలుకలు, వాటిని క్యారియర్లు అంటారు, బాగానే పిల్లల్ని కంటాయి. రెండు క్యారియర్లని కలిపితే నాలుగు పిల్లల్లో ఒకటి సన్నది, ఒకటి లావుది, రెండు మళ్ళీ క్యారియర్లు. మనం ఇంటర్ బోటనీలో... సారీ, ఎంపీసీ వాళ్ళం, మనం టెన్త్ బయాలజీలో చదివిన మెండెల్ బఠాణీ లెక్కే. క్యారియర్ల బరువు అటూ ఇటూ కాకుండా మధ్యలో ఉంటుంది. చూసి చెప్పడం కష్టం.

మార్పు ఐదో క్రోమోజోమ్ మీద, లెప్టిన్ రిసెప్టార్ జీన్ ఉండే ప్రాంతానికి దగ్గర్లో ఉందని తర్వాత తేల్చారు. లెప్టిన్ అంటే ఏంటో తెలియాలంటే ఒక్క నిమిషం అమెరికా వెళ్ళిరావాలి.

అక్కడ మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ల్యాబులో 1949లో ఒక లావు చిట్టెలుక రకం బయటపడింది, 1960లలో ఇంకోటి. చూడ్డానికి రెండూ ఒకటే. డగ్లస్ కోల్మన్ అనే ఆయన వీటి రక్తప్రవాహాల్ని జంటలుగా కలిపి కుట్టాడు. వినడానికి ఘోరంగా ఉంటుంది కానీ జవాబు అద్దంలా వచ్చింది. మొదటి రకాన్ని మామూలు చిట్టెలుకతో కలిపితే తిండి తగ్గించింది. రెండో రకాన్ని మామూలుదానితో కలిపితే మామూలుది తిండి మానేసి చచ్చిపోయింది, రెండోది మాత్రం తింటూనే ఉంది. అంటే మొదటి రకం "కడుపు నిండింది" అనే మెసేజ్ పంపలేకపోతోంది. రెండో రకం బోలెడు మెసేజీలు పంపుతోంది, చదవలేకపోతోంది. ఒకదానిలో సెండర్ డౌన్, ఇంకోదానిలో రిసీవర్ డౌన్. ఆ మెసేజే లెప్టిన్, 1994లో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందం దాని జీన్ పట్టుకుంది. మన తార్నాక ఎలుకల రక్తంలో లెప్టిన్ దండిగా ఉంటుంది, అయినా ఆకలి ఆగదు. రెండో రకానికి చుట్టాలన్నమాట.

"తిండి ఆపితే సరి కదా" అంటారు. ఇలాంటివే జుకర్ ఎలుకలని 1961 నుంచి తెలుసు. వాటికి సన్న ఎలుక తిన్నంతే కొలిచి పెట్టి చూశారు. బరువు తగ్గింది కానీ ఒంట్లో కొవ్వు వాటా మాత్రం సన్నదానికన్నా ఎక్కువే ఉంది. వచ్చిన ప్రతి ముద్దలో ముందు కొవ్వుకి వాటా తీసి, మిగిలింది కండకి ఇస్తుంది ఆ ఒళ్ళు.

ఇప్పుడు చూడండి. కూనూరులో ఎలుకలు అవే, తిండి వేరు. జవాబు: తిండి. తార్నాకలో తిండి అదే, ఎలుకలు వేరు. జవాబు: జీన్లు. ఒకే సంస్థ!

మరి రెంటినీ ఒకేసారి కదిపితే? ఆ ప్రయోగం ఎలుకల మీద కన్నా కోళ్ళ మీద బాగా జరిగింది. వరంగల్‌లో ఏ చికెన్ షాపు ముందైనా నాటుకోడి, బాయిలర్ కోడి గొడవ రోజూ ఉండేదే. "బాయిలర్‌కి ఇంజెక్షన్లు పొడుస్తరు, గందుకే గట్ల ఉబ్బుతది" అని మా కాకా బల్లగుద్ది చెప్తాడు. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి చెందిన హేవెన్‌స్టీన్ బృందం దీన్ని కొలిచి చూసి 2003లో అచ్చు వేసింది. 1957 నాటి కోళ్ళ జాతిని మార్చకుండా కాపాడి ఉంచారు, అదొకటి. 2001 నాటి బ్రాయిలర్ జాతి ఇంకొకటి. 1957 మేత, 2001 మేత. రెండు బై రెండు, నాలుగు గళ్ళు.

42 రోజులకి పాత కోడి, పాత మేత: 539 గ్రాములు. పాత కోడి, కొత్త మేత: 578. కొత్త కోడి, పాత మేత: 2126. కొత్త కోడి, కొత్త మేత: 2672.

మా కాకాకి చెప్తే ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

చాలామంది దీన్ని చూసి ఎదుగుదలలో 85 నుంచి 90 శాతం జీన్లది, మిగతాది మేతది అంటారు. ఆ పరిశోధకులూ అదే అన్నారు. నాకు మాత్రం ఆ శాతం కన్నా గళ్ళ మధ్య తేడాలు ముఖ్యం అనిపిస్తుంది. కొత్త మేత వల్ల పాత కోడికి కలిసొచ్చింది 39 గ్రాములు. అదే మేత వల్ల కొత్త కోడికి కలిసొచ్చింది 546 గ్రాములు! మేత ఒకటే, లాభం పద్నాలుగు రెట్లు తేడా. 539 నుంచి 2672 దాకా వెళ్ళే దారిలో ముందు మేత మార్చి తర్వాత కోడిని మారిస్తే మేత వాటా రెండు శాతం కూడా రాదు. ముందు కోడిని మార్చి తర్వాత మేత మారిస్తే మేత వాటా పాతిక శాతం దాటుతుంది. కూడికలు మీరే వేసుకుని చూడండి. అంటే "తిండి ఎంత శాతం, జీన్లు ఎంత శాతం" అన్న ప్రశ్నకి ఒక స్థిరమైన జవాబే లేదు. మీరు ఏ గడిలో నిలబడి అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. మెకారిసన్ ఒక వరసలో నిలబడ్డాడు, తార్నాక వాళ్ళు ఒక నిలువులో నిలబడ్డారు.

ఒకప్పుడు మంచిదైన గడి ఇంకో మేతతో చెడ్డది కావచ్చు కూడా. ఈజిప్టు ఎడారిలో ఇసుక ఎలుక ఒకటి ఉంటుంది, ఉప్పు ఆకులు తిని బతుకుతుంది. ఎడారిలో దానికి షుగర్ జబ్బు రాదు. 1960లలో దాన్ని ల్యాబుకి తెచ్చి మామూలు ఎలుకలు తినే మేతే పెడితే చాలావాటికి డయాబెటిస్ వచ్చింది. మేత చెడ్డదా అంటే పక్క గూట్లో మామూలు ఎలుక అదే తిని బాగుంది. జీన్లు చెడ్డవా అంటే ఎడారిలో వేల ఏళ్ళు దాన్ని బతికించింది ఆ జీన్లే.

వరంగల్ జిల్లాలో మా తాతలు తిన్నది జొన్న గటుక, మక్క గటుక, తైదల అంబలి. వరి అన్నం పండగ తిండి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది, శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్ళతో వరి పొలాలు వచ్చాయి. ఒక్క తరంలో కంచం తెల్లబడింది. మంచిదే, ఆకలి తీరింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళకి ఆకలి తెలీదు. కానీ కంచం మారినంత వేగంగా ఒళ్ళు మారదు. ఆ తరం పిల్లలం మేం ఇప్పుడు మడికొండ ఐటీ పార్కులోనో, మాదాపూర్‌లోనో రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో కూచుంటున్నాం.

హాస్టల్లో నా రూమ్మేట్ ఒకడు మెస్సులో మూడుసార్లు అన్నం వేయించుకునేవాడు. "ఎంత తిన్నా ఒంటికి పట్టదురా వీనికి" అని అందరం కుళ్ళుకునేవాళ్ళం. ఇరవై ఏడేళ్ళకి షుగర్ బయటపడింది వాడికే, మా బ్యాచ్‌లో లావుగా ఉన్న ముగ్గురికీ రాలేదు. వాళ్ళమ్మ "ఏం తిన్నవ్ రా, ఎవ్వల దిష్టి తాకిందిరా" అని ఏడుపు. ఆఫీసులో "స్వీట్లు ఎక్కువ తింటావా బ్రో" అని ఎంక్వయిరీ. వాడు ఆర్నెల్లు ఎవరికీ చెప్పలేదు, క్యాంటీన్‌కి రావడం మానేశాడు. ఏదో తప్పు చేసి దొరికిపోయినవాడిలా. నాకు కోపం వచ్చేది ఇక్కడే. 

2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫోటో ఒకటి వచ్చింది. పుణెకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3, అచ్చంగా ఒకటే. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. చొక్కా మీద నుంచి చూస్తే ఇద్దరూ సన్నమే. మా రూమ్మేట్ ఏ గడిలో ఉన్నాడో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

ఇది అక్షరాలా జీన్లేనా అంటే, కొంత అవును. 2006లో ఐస్‌లాండ్ వాళ్ళు టీసీఎఫ్7ఎల్2 అనే జీన్‌లో షుగర్ ముప్పు పెంచే రకాల్ని కనిపెట్టారు. 2007లో మన హబ్సిగూడ సీసీఎంబీలో గిరిరాజ్ చందక్, యాజ్ఞిక్ బృందంతో కలిసి అవే రకాలు భారతీయుల్లో కూడా అదే పని చేస్తున్నాయని చూపించారు. ఇంకా కొంత జీన్ల అక్షరాల్లో కాకుండా వాటి మీది గుర్తుల్లో ఉంది. యాజ్ఞిక్ కూడా పాల్గొన్న ఒక పరిశోధన 2015లో వచ్చింది. ఎలుకల్ని యాభై తరాల పాటు అర్ధాకలితో పెంచి, తర్వాత రెండు తరాలకి కడుపునిండా మంచి మేత పెట్టారు. ఒళ్ళు బాగుపడలేదు సరికదా లావు, షుగర్ వైపే మొగ్గింది. డీఎన్ఏ కోడ్ అదే, దాన్ని నడిపే కాన్ఫిగరేషన్ మారింది, రెండు తరాల మంచి తిండికి పాత సెట్టింగుకి రాలేదు. కరువులు చూసిన నేల మీద పుట్టినవాళ్ళం, ఇది చదివాక నాకు రాత్రి అన్నం కొంచెం బరువుగానే దిగింది.

2025లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు, గచ్చిబౌలి ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు కలిసి 345 మంది హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు. దీనికి మన దగ్గర రెండు స్పందనలు రెడీగా ఉంటాయి. "మా వంశంలోనే ఉంది, ఏం చేస్తాం" అని ఒకటి. "నోరు కట్టేసుకుంటే ఏ రోగమూ రాదు" అని రెండోది. మొదటివాడు కోళ్ళ పట్టికలో ఒక నిలువు చూశాడు, రెండోవాడు ఒక వరస చూశాడు. కొత్త కోడికి మేత మారిస్తే అయిదు వందల గ్రాములు కదిలింది గుర్తుందా? ముప్పు జీన్లు ఉన్నవాడికే తిండి మార్పు ఎక్కువ పని చేసే అవకాశం ఉంది. అంటే వంశంలో ఉన్నవాడు చేతులెత్తేయడానికి కారణమే లేదు. అలాగే ఎంత తిన్నా లావెక్కని అదృష్టవంతుడు పక్కవాడికి క్రమశిక్షణ పాఠాలు చెప్పే అర్హత కూడా లేదు.

తార్నాక సంస్థే 2024లో భారతీయులందరికీ కలిపి 17 ఆహార సూచనలు విడుదల చేసింది. దేశం మొత్తానికి ఒకటే డిఫాల్ట్ సెట్టింగ్ ఇవ్వక తప్పదు, దాన్ని తప్పుపట్టను. డిఫాల్ట్ మనకి సరిపోతోందా లేదా అన్నది మాత్రం మన లాగ్స్ మనమే చూసుకోవాలి. దానికి జీన్ టెస్టు అక్కర్లేదు, టైలర్ దగ్గరుండే టేపు చాలు. నడుము కొలతలో యూరప్ మగవాళ్ళకి డాక్టర్లు గీసిన గీత 94 సెంటీమీటర్లు, మనకి 90. ఆడవాళ్ళకి 80. అమ్మకో నాన్నకో షుగర్ ఉంటే ముప్పై దాటేదాకా ఆగకుండా ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ చేయించుకోండి, సన్నగా ఉన్నా సరే. మా రూమ్మేట్ ఇప్పుడు సాయంత్రాలు భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తున్నాడు, రాత్రిపూట జొన్నరొట్టె తింటున్నాడు, మందులు కూడా వాడుతున్నాడు. మొన్న రిపోర్టు బాగానే వచ్చిందని మెసేజ్ పెట్టాడు.